కబురు పంపిన కవి – గుర్రం జాషువా



ఈ ఇ-సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని అడిగినప్పుడు, మేము మొదట మన గిరిజన వీరుల్లో ఒకరి గురించే రాద్దామనుకున్నాం. సత్తెనపల్లిలో మా బాలికల వసతి గృహంలో జరిగిన ఒక చిన్న విషయం వల్ల మనసు మార్చుకున్నాం. మన పల్నాటి కవి గుర్రం జాషువా గారి గురించి రాస్తున్నాం. ఆయన గిరిజనులు కారు. అయినా మన ఎరుకల వాళ్లతో ఆయన ఇంటికి ఒక బంధం ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాం.

ముందు ఆ చిన్న విషయం. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే ఒక తండా పిల్ల ఉంది. వాళ్ల అమ్మానాన్న పత్తి తీతలకు, ఆ తర్వాత మిరపకోతలకు ఊరూరూ తిరుగుతారు. ట్రంకు పెట్టెలు సర్దిస్తున్నప్పుడు ఆ పిల్ల పెట్టె అడుగున ఒక నోటుబుక్కు కనిపించింది. దాని నిండా పాటలే. లంబాడీ మాటలు, తెలుగు అక్షరాలు. మేము చేతిలోకి తీసుకోబోతే లాక్కుని గుండెకు అదుముకుంది. ఎవరికీ చూపించదట. కారణం మాకు తెలుసు. అంతకుముందు ఏడాది ఒక సభలో మా పిల్లల పాట, ఆట ఉన్నాయని చెప్పి, అద్దాల గాగ్రాలతో సాయంత్రం నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టి, చివరికి టైము లేదన్నారు. ఆకలితో వెనక్కి వచ్చాం. ఆ పాట రాసింది ఈ పిల్లే.

చూపించనప్పుడు మరి ఎందుకు రాస్తున్నావని అడిగాం. రాయకుండా ఉండలేనంది. చూపించమంటే మాత్రం ఎందుకు చూపించాలని ఎదురడిగింది. ట్రైనింగు చేసినప్పుడు సృజనాత్మకత మీద పేజీలకు పేజీలు బట్టీపట్టి పరీక్ష రాసిన వాళ్లం, ఆ ప్రశ్నకు నోరు పెగల్లేదు. తర్వాత నాలుగు ఆదివారాలు, సాయంత్రం స్టడీ అవరులో, పిల్లలందరినీ కూర్చోబెట్టి జాషువా గారి జీవితం చెప్పాం. ఇక్కడ రాస్తున్నది అదే. పిల్లలకు చెప్పినట్టే రాస్తున్నాం, పెద్దలు మన్నించాలి.

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండ దగ్గర చాట్రగడ్డపాడులో పుట్టారు. సత్తెనపల్లి, వినుకొండ ఇప్పుడు ఒకే పల్నాడు జిల్లాలో ఉన్నాయి. మా పిల్లల్లో బొల్లాపల్లి తండాల వాళ్లు సెలవులకు వెళ్లేది వినుకొండ మీదుగానే. తండ్రి వీరయ్య గారు యాదవ కులస్థులు, తల్లి లింగమ్మ గారు మాదిగ కులస్థురాలు. ఇల్లు క్రైస్తవ ఇల్లు. ఆ రోజుల్లో అలాంటి పెళ్లి చేసుకున్న వాళ్ల పిల్లవాణ్ణి ఊరు ఎలా చూసి ఉంటుందో మన వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. మనమూ బావి గట్టుకు దూరంగా నిలబడిన వాళ్లమే.

చిన్నప్పటి నుంచీ ఆయన బొమ్మలు గీసేవారు, పాటలు పాడేవారు. దీపాల పిచ్చయ్యశాస్త్రి గారు బాల్య స్నేహితుడు, ఆయనా తర్వాత కవిగా పేరు పొందారు. అప్పట్లో జంటకవుల జోరు ఎక్కువ. తిరుపతి వేంకట కవులు, కొప్పరపు సోదరులు ఊరూరా అవధానాలు చేస్తుంటే జనం విరగబడి వచ్చేవారు. మేమూ జంటకవులం అవుదామని ఈ కుర్రాళ్లిద్దరూ అనుకున్నారట. తీరా పేర్లు కలిపి చూసుకుంటే, ఎటు తిప్పినా అందులో పిచ్చి అనే మాట వచ్చి జనం నవ్వుతారని మానుకున్నారని చెప్పుకుంటారు. ఇది చెప్పినప్పుడు మా పిల్లలు నవ్విన నవ్వుకు వంటమనిషి కూడా గరిటె పట్టుకుని వచ్చి చూసింది.

సంస్కృతం మీద ఆయనకు మోజు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కూర్చుని కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఒక శాస్త్రి గారు ఈ పిల్లవాడికి కాళిదాసును చెప్పారన్నది మనం మరిచిపోకూడదు. తలుపులన్నీ మూసి ఉండవు. ఎక్కడో ఒకటి ఓరగా తెరిచి ఉంటుంది. ఆ మేఘసందేశం ఆయనలో ఏళ్ల తరబడి నానుతూ ఉండి, ఎలా మొలకెత్తిందో ముందు ముందు వస్తుంది.

వినుకొండలో ఒక అవధాన సభ జరిగింది. యువకుడైన జాషువా అందులో తన పద్యాలు చదివారు. పద్యం బాగుందా లేదా అన్నది పక్కకు పోయింది. ఇతన్ని సభలోకి ఎవరు రానిచ్చారన్న గొడవ మొదలైంది. నలుగురిలో అవమానించారు. మేము ఈ ఘట్టం చెబుతున్నప్పుడు నోటుబుక్కు పిల్ల తల ఎత్తి చూసింది. అక్కడ కాసేపు ఆగాం.

ఆ అవమానం తర్వాత ఆయన ముందు రెండు దార్లున్నాయి. పద్యం మానెయ్యడం ఒకటి. తన వాళ్ల మధ్య మాత్రమే చదువుకోవడం రెండోది. ఆయన రెండూ చెయ్యలేదు. ఏ సభ తనను పొమ్మందో ఆ సభకే అర్థమయ్యే ఛందస్సులో, ఆ సభ మెచ్చుకోక తప్పనంత నునుపుగా పద్యం చెక్కడం నేర్చుకున్నారు. అందరూ వచన కవిత వైపు వెళ్తున్న కాలంలోనూ ఆయన పద్యాన్ని వదల్లేదని కొందరు విమర్శిస్తారు. మేమైతే అది పాతదనం అనుకోం. ఎవరి ఇంటి తాళం తియ్యాలో ఆ ఇంటి తాళంచెవే కావాలి.

బతుకు తెరువు మాత్రం ఎగుడుదిగుడు. 1910లో మేరియమ్మ గారితో పెళ్లి అయింది. మిషన్ బడిలో నెలకు 3 రూపాయల జీతానికి పంతులు ఉద్యోగం.  ఆ ఉద్యోగమూ పోయింది. పని వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్లి, 1915-16లో సినిమా హాల్లో వాచకుడిగా చేరారు. అప్పటి సినిమాలకు మాట లేదు. తెర మీద బొమ్మలు కదులుతుంటే, పక్కన నిలబడి ఒక మనిషి కథ చెప్పాలి, ఎవరేమన్నారో పలకాలి. ఆ మనిషి జాషువా గారు. ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. చీకట్లో కూర్చున్న చదువురాని జనానికి, నోరులేని బొమ్మల తరఫున మాట్లాడటం! ఏ మాటకు జనం నవ్వుతారో, ఏ మాటకు గొంతు పూడుకుంటుందో అక్కడ రోజూ చెవులారా విని ఉంటారు. ఏ విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది ఆ పాఠం?

ఆ తర్వాత గుంటూరు వచ్చి, లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పనిచేశారు, తర్వాత 1928 నుంచి 1942 దాకా తెలుగు పండితుడిగా పనిచేశారు. ఈ మధ్యలోనే రచనలు వరుసగా వచ్చాయి. ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. గుడివైపు వాళ్లు ఆయన్ను అంటరానివాడన్నారు. చర్చివైపు పెద్దలేమో పురాణ కథలు, మతానికి సంబంధించని కావ్యాలు రాస్తున్నాడని కోపగించి వెలివేశారు. అంటే రెండు వాకిళ్లకూ బయటే. తన కోసం మాత్రమే రాసుకునే మనిషి అయితే, ఎవరో ఒకరికి నచ్చేట్టు రాసి ఒక వాకిట్లోనైనా కాలు పెట్టేవాడు, లేదా మూలన కూర్చుని తనలో తాను చదువుకునేవాడు. ఆయన మాత్రం రాసి పైకి చదువుతూనే ఉన్నారు.

1932లో వచ్చింది ఫిరదౌసి. ఎక్కడో పారశీక దేశపు కవి కథ. గజనీ సుల్తాను మహమ్మదు తన వంశాల ఘనత కావ్యంగా రాయమని, పద్యానికో బంగారు నాణెం ఇస్తానని ఆ కవికి మాటిచ్చాడు. కవి 30 ఏళ్లు కూర్చుని 60,000 పద్యాలు రాశాడు. తీరా చూస్తే వచ్చింది వెండి. కవి ఆ వెండిని విసిరికొట్టి వెళ్లిపోయాడు. సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి, ఎదురుగా కవి శవం శ్మశానానికి వెళ్తోంది. కూతురు ఆ సొమ్ము ముట్టలేదు. ఇదీ లోకంలో చెప్పుకునే కథ.

వినుకొండ కవికి ఆ దూరదేశపు కవి మీద అంత ప్రేమ ఎందుకని పిల్లలు అడిగారు. ఇద్దరూ చేసిన పనికి తగిన మర్యాద దక్కని వాళ్లే అని చెప్పాం. ఇక్కడ మాదో మాట. కళాకారుడికి చప్పట్లు చాలు, డబ్బెందుకని అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మన డప్పు వాళ్లను, మన ఆటపాటల వాళ్లను ఉత్సవాలకు పిలిచి, భోజనం పొట్లం ఇచ్చి, ఫొటో తీసి పంపేవాళ్లూ వాళ్లే. ఫిరదౌసి చదివితే, కవికి ఇచ్చిన మాట తప్పడం ఎంత పాపమో తెలుస్తుంది. ఇంకోటి కూడా తెలుస్తుంది. 30 ఏళ్లు బంగారం కోసమే రాసి ఉంటే, వెండిని అలా విసిరికొట్టలేడు. కూలి కావాలి, కానీ రాయించింది కూలి కాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. మిరపకోతకు వెళ్లే మన తల్లులకు ఇది వేరే చెప్పాలా? పొద్దంతా కూలి కోసం కోస్తారు. ఇంటికొచ్చాక మంటెక్కిన వేళ్లతోనే గాగ్రాకు అద్దం కుడతారు. ఆ అద్దానికి కూలి ఇచ్చేవాడెవడూ లేడు.

గిజిగాడు, సాలీడు మీద జాషువా గారు రాసిన ఖండికలు చాలామంది బళ్లో చదువుకునే ఉంటారు. ఊడలా వేలాడే గూటిని అల్లే పిట్టను, కంటికి కనపడని దారంతో వల నేసే పురుగును ఆయన పనివాళ్లుగా చూసి మురిసిపోయారు. మా హాస్టల్ వెనక తుమ్మచెట్టుకు వేసవిలో ఖాళీ గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. పిల్లలు ఒకటి తెచ్చి గది గుమ్మానికి కట్టారు. రోజూ చూసేదే అయినా, పద్యం విన్న తర్వాత దాన్ని దించి, తిప్పి తిప్పి, గడ్డిపోచ ఎక్కడ మొదలైందో వెతికారు. దొరకలేదు.

ఇక 1941లో గబ్బిలం. మేఘసందేశం ఇక్కడ మొలకెత్తిందన్నమాట. కాళిదాసు యక్షుడు భార్యకు దూరమై, మేఘంతో అలకాపురికి కబురు పంపుతాడు. జాషువా గారి కథానాయకుడు తంజావూరులో ఉండే ఒక నిరుపేద అరుంధతీసుతుడు, అంటే ఊరు అంటరానివాడని దూరం పెట్టిన మనిషి. అతనికి మేఘం ఎక్కడిది? రాత్రి గుడిసెలోకి ఒక గబ్బిలం వచ్చింది. జనం అశుభమని తరిమే జీవి అది. కానీ దానికి గుళ్లోకి అడ్డులేదు. పూజారి లేని వేళ శివుడి నెత్తి మీదే తలకిందులుగా వేలాడగలదు. మనిషికి లేని ప్రవేశం దానికి ఉంది. అందుకే శివుడికి తన బాధ చెప్పమని దాన్ని బతిమాలుకుని, తెలుగు నేల మీదుగా దారి చెప్పి పంపుతాడు.

ఈ కావ్యం గురించి పండితులు ఎన్నో పుస్తకాలు రాశారు. మేము చూసింది ఒక్కటే. అతను తన గోడు గుడిసెలో కూర్చుని ఏడ్చుకుని ఊరుకోలేదు. మోసుకెళ్లేవాళ్లు ఎవరున్నారా అని వెతికాడు. మనకు తెలిసిన పెద్ద వాహనాలేవీ దొరక్కపోతే, తనలాగే ఎవరూ ముట్టుకోని గబ్బిలాన్ని అడిగాడు. చెప్పాల్సింది ఉన్న మనిషికి చెప్పుకునే చోటు మూసేస్తే, ఆ మాట ఎటో ఒకటు దారి చేసుకుంటుంది. జాషువా గారు కావ్యాలు రాయడమూ, వాటిని పట్టుకుని సభల్లోకి వెళ్లి చదవడమూ రెండు వేర్వేరు పనులని మాకు అనిపించదు. కబురు రాయడమూ, గబ్బిలాన్ని ఎగరెయ్యడమూ ఒకటే పని కదా.

ఆయన ఊహించని గబ్బిలాలు కూడా ఆయన మాటను మోశాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గారి సత్యహరిశ్చంద్ర నాటకం మన పల్లెల్లో ఆడని ఊరుండదు. కాటిసీను వచ్చేసరికి నటులు జాషువా గారి శ్మశానవాటి పద్యాలను అందులో చేర్చి పాడటం మొదలుపెట్టారు. రాజైనా పేదైనా, కవి అయినా పసిబిడ్డ అయినా అందరూ చివరికి ఒకే మట్టిలో పక్కపక్కన పడుకుంటారన్నది ఆ పద్యాల సారం. తిరునాళ్లలో తెల్లవారుజామున, దుప్పటి కప్పుకుని కూర్చున్న జనం వన్స్‌మోర్ అని అరిచి మళ్లీ మళ్లీ పాడించుకునేవారు. మా చిన్నతనంలో మేమూ విన్నాం. మా వీధిలో ఒక ముసలాయన, అక్షరం రానివాడు, ఆ పద్యాలు రాగం తప్పకుండా పాడేవాడు. అవి ఎవరు రాశారంటే హరిశ్చంద్రుడే అనేవాడు. కవి పేరు పోయిందని మాకు కాస్త కోపమే. కానీ పళ్లెత్తని పంక్తిలో కూర్చోనివ్వని మనుషుల పెళ్లిళ్లలో, తిరునాళ్లలో కూడా ఆ గొంతే మోగింది. అడ్డం పడేవాళ్లకు అడ్డం పడాలని కూడా తెలియలేదు.

ఇక గౌరవాలు. వేగంగా చెప్పేస్తాం, ఎందుకంటే పిల్లలు వీటికి ఆవులించారు. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి వంటి బిరుదులు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం నాడు యుద్ధ ప్రచారకుడి ఉద్యోగమూ చేశారు. ఇల్లు గడవాలి, దాచేదేముంది. 1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమాల నిర్మాత. 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, అదే ఏడాది శాసనమండలి సభ్యత్వం. 1970లో పద్మభూషణ్. ఒక్క గౌరవం దగ్గర మాత్రం ఆగాలి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు, అంతటి శతావధాని, నిండు సభలో వంగి జాషువా గారి కాలికి గండపెండేరం తొడిగారు. ఏ జంటకవులను చూసి ఈయన చిన్నప్పుడు కవి కావాలనుకున్నారో, వారిలో ఒకరు. అవధాన సభలో ఇతన్నెవరు రానిచ్చారని అడిగిన వాళ్లలో అప్పటికి ఎంతమంది బతికున్నారో మరి.

1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశారు.

ముందు చెబుతామన్న బంధం సంగతి. జాషువా గారి కుమార్తె హేమలత గారు. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి కుమారుడు లవణం గారిని పెళ్లాడారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరు మన ఎరుకల కుటుంబాలకు ఎంత బరువో తెలుసు. 1871లో తెల్లవాళ్లు చేసిన నేరస్త జాతుల చట్టం మనుషులను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసింది. కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ వారి కాపలాలో ఒక సెటిల్‌మెంటులో పెట్టి, దొర పేరు తగిలించారు. 1952లో చట్టం పోయింది కానీ ముద్ర పోలేదు. బడిలో పేరు చెబితే చాలు, పక్క పిల్ల సంచీ దగ్గరకు లాక్కునేది. 1970ల్లో హేమలత గారు, లవణం గారు ఆ ఊరికి వెళ్లారు. ఇళ్లలో కూర్చుని, వాళ్లతో తిని, సంస్కార్ సంస్థ ద్వారా పిల్లల చదువులు, పెద్దల పనులు చూశారు. ఆ తర్వాత నిజామాబాద్ జిల్లాలో జోగినీ ఆచారం మీద పనిచేశారు. తండ్రి గారి గురించి ఒక పుస్తకమూ రాశారు. 2008లో ఆమె పోయారు.

ఆమె కవిత్వం చదివి స్టూవర్టుపురం వెళ్లారని మేము అనం. కానీ ఆ ఇంట్లో పెరిగిన అమ్మాయికి, ఊరు దూరం పెట్టిన గుమ్మంలోకి అడుగుపెట్టడం కొత్త కాదు. మా హాస్టల్లో ఎరుకల పిల్లలు ఏడుగురున్నారు. వాళ్లలో ఒకమ్మాయి నాయనమ్మ సోది చెప్పేది, తాత బుట్టలల్లేవాడు. ఈ సంగతి ఇన్నాళ్లూ తోటి పిల్లలకు చెప్పుకోలేదు. ఆ ఆదివారం చెప్పింది. బుట్ట అడుగు ఎలా మొదలుపెడతారో చీపురుపుల్లలతో చేసి చూపించింది కూడా.

నోటుబుక్కు పిల్ల నాలుగు ఆదివారాలూ ఏమీ మాట్లాడలేదు. మేమూ కదిలించలేదు. సెప్టెంబరు 28న జాషువా గారి ఫొటోకు దండ వేసి, గబ్బిలం కథ మళ్లీ ఒకసారి చెప్పుకుని, పులిహోర తిన్నాం. మర్నాడు పొద్దున టిఫిను వేళ చూస్తే, భోజనాల గదిలో మెనూ చార్టు పక్కన ఒక నోటుబుక్కు కాగితం అన్నం మెతుకులతో అతికించి ఉంది. లంబాడీ పాట, కింద తెలుగులో అర్థం. పత్తి చేలో తల్లి వెనక నడుస్తూ పాడుకునే పాట. పేరు రాయలేదు. అయినా ఎవరిదో అందరికీ తెలుసు.

సాయంత్రానికి ఎవరో అందులో ఒక లంబాడీ మాటను పెన్సిలుతో కొట్టేసి, వాళ్ల తండాలో ఎలా అంటారో పైన రాశారు. రాత్రి స్టడీ అవరులో దాని మీద ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఏ మాట ఉండాలో ఇంకా తేలలేదు. కాగితం అక్కడే ఉంది.